రేకుకు అటూ ఇటూ

షార్జా నుంచి వచ్చిన ప్రతిసారి కొమురెల్లి రెండు పెద్ద అట్టపెట్టెలతోని దిగేటోడు. ఈసారి ఒక్క సంచే తెచ్చిండు, అది గూడ ఎడమచేతిల పట్టుకొని. కుడిచెయ్యి మణికట్టు కాడ కొద్దిగ వంకర తిరిగి ఉండె. గ్యారేజీల జాకీ జారి బండి చేతిమీద పడ్డది. బొక్కలు అతుక్కున్నయి గని పట్టు రాలే. అన్నం కలుపుకుంటడు, గుండీలు పెట్టుకుంటడు, గిలాస ఎత్తుతడు. సుత్తె పట్టిండంటే మాత్రం రెండు దెబ్బలకే వేళ్ళు విడిచిపెడ్తయి.

బండ్ల సొట్టలు తీసే డెంటర్‌కు సుత్తె పట్టరాదంటే నోరు పోయిన దళారి లెక్కనే.

నర్మద మొగని చెయ్యిని చూసి బస్టాండుల ఏడువలే. సంచి అందుకొని, "పా, అత్త ఎదురుచూస్తున్నది" అన్నది.

వాళ్ళ ఇల్లు మెట్‌పల్లి నుంచి ఖానాపూర్ పోయే తొవ్వల, కాలువ దాటంగనే ఎడమపక్కకు ఉంటది. ముందట అరుగు, పక్కకు రేకుల షెడ్డు. ఎప్పటికన్న తిరిగొచ్చి దుకాణం పెట్టుకుందామని కొమురెల్లి కట్టిచ్చిన షెడ్డు అది. ఇన్నేండ్లు అండ్ల వడ్లబస్తాలు, బాలవ్వ మేకలు ఉన్నయి. బాలవ్వ కొమురెల్లి తల్లి. ఒళ్ళు వంగింది గని మాట ఇంక మెత్తవడలే. బిడ్డ ప్రవళిక కరీంనగర్‌ల హాస్టల్‌ల ఉండి సదువుకుంటున్నది. నర్మద బీడీలు చేస్తది. చిన్నప్పటి సంది అదే పని. చాట ఒళ్ళె పెట్టుకుంటే చేతులు వాటంతట అవే కదులుతయి.

పెండ్లయిన కొత్తల కొమురెల్లి మెట్‌పల్లిల జీపులకు సొట్టలు తీసెటోడు. బిడ్డ పుట్టినంక షార్జా పోయిండు. అప్పటి సంది నర్మదకు మొగడంటే ఫోన్ల గొంతే. తిన్నవా, అవ్వ మంచిగున్నదా, పోరి సదువుతున్నదా. గివే ముచ్చట్లు. "నీ పని ఎట్లున్నది" అని ఆమె అడిగితే, "ఏమున్నది, రేకు పని" అనెటోడు. అక్కడ గూడ సొట్టలే తీస్తుండని ఆమె అనుకున్నది. ఇన్నేండ్లు అట్లనే అనుకున్నది.

ఇంటికొచ్చినంక గూడ ముచ్చట్లు పెరుగలే. ఇద్దరు ఒక్క అరుగు మీదనే కూసుంటరు. ఆమె బీడీలు చుడుతది, ఆయన తొవ్వ దిక్కు చూస్తడు. కొత్తోళ్ళు కాదు, అట్లని ఒకరికొకరు ఎరుకైనోళ్ళు గూడ కాదు.

ఒకనాడు పగటిపూట కొమురెల్లి తన ఫోను తెచ్చి ఆమె చాట మీద పెట్టిండు. "చూడు" అన్నడు.

ఫోన్ల ఒక బండి ఉన్నది. కారే, గని నర్మద ఎన్నడు చూడని కారు. ముక్కు పొడుగ్గ ఉన్నది. పై కప్పు లేదు. ముందటి చక్రాల మీద మడ్గార్డులు లేవు, గంగెద్దు కొమ్ముల లెక్క చక్రాలు బయటికే ఉన్నయి. ఎనుక భాగం గుమ్మడికాయను నిలువుకు కోసినట్టు గుండ్రంగ వచ్చి, నడుము కాడ సన్నగ ఒదిగింది.

"దీన్ని హాట్ రాడ్ అంటరు. ఎన్కట అమెరికాల పెద్ద లడాయి అయిపోయినంక, ఇండ్లకు తిరిగొచ్చిన పోరగాళ్ళు తుక్కుల పడ్డ పాత ఫోర్డు బండ్లను తెచ్చుకున్నరట. మడ్గార్డులు పీకి, బరువు తగ్గిచ్చి, గట్టి ఇంజను పెట్టి ఉరికిచ్చిండ్రు. ఇప్పుడు షార్జాల గసోంటి బండ్లంటే సేట్లకు మస్తు పిచ్చి. పాత బండి దొరుకుతది గని ఒళ్ళంత తుప్పే. గందుకే ఒళ్ళు కొత్తగ కొట్టాలె."

"ఎవలు కొడ్తరు?"

"ఇది నేను కొట్టిన." ఆయన ఫోను మీద వేలు జరిపి ఇంకొకటి చూపిచ్చిండు. మల్ల ఇంకొకటి. "ఇది గూడ. ఇది నేను, మా ఉస్తాద్ కలిసి కొట్టినం. ఇంజను, చక్రాలు వేరేటోళ్ళు చూసుకుంటరు. ఒళ్ళు మాదే. సాపు రేకు ఇస్తరు, దాన్ని గిట్ల తయారు చెయ్యాలె. అచ్చు ఉండదు, మిషను ఉండదు. సుత్తె, చెయ్యి, కన్ను."

నర్మద చేతిల సగం చుట్టిన బీడీ అట్లనే ఉన్నది. సాపు రేకు అంటే ఆమెకు తెలుసు, షెడ్డు మీద ఉన్నదే. గా రేకు ఇట్ల గుమ్మడికాయ లెక్క ఎట్ల తిరిగిందో ఎంత చూసినా ఆమెకు అందలే. ఇంత పని చేసే మనిషిని "రేకు పని" అన్న ఒక్క మాట పట్టుకొని ఇన్నేండ్లు తక్కువ అనుకున్నదా తను?

"గిసోంటిది ఇక్కడ చెయ్యరాదా?" అన్నది.

కొమురెల్లి తన చెయ్యి దిక్కు చూసుకున్నడు. "ఒక్కటి చెయ్యాలె అని మతిల ఉన్నది. సేటు కోసం కాదు. నాకోసం. మన దగ్గరి తుక్కుతోనే."

"మరి ఇంకేంది, మేకలను బయట కట్టేస్త" అన్నది నర్మద.

*

తుక్కు కోసం భైంసా పోయిండ్రు. అక్కడ అంబదాస్ అని కొమురెల్లికి ఎన్కటి దోస్తు ఉన్నడు. ఎన్కట వాళ్ళింట్ల సాంచాలు నడిచేటియి. బట్ట నేసి బతుకుడు కష్టమైనంక సాంచాలను తుక్కుకు అమ్మబోయి, తనే తుక్కు దుకాణం పెట్టుకున్నడు. సగం తెలుగు, సగం మరాఠీ మాట్లాడుతడు.

"ఏం పాహిజే, భావు?" అని లోపలికి తోలుకపోయిండు.

ఏం కావాల్నో కొమురెల్లి నోటితోని చెప్పలే. దుకాణం ఎనుక ఇనుప కుప్పల నడుమకు పోయి, ఒక్కొక్క రేకును ఎడమచేతి వేళ్ళ బొటికెలతోని కొట్టి ఇనుకుంట తిరిగిండు. కుమ్మరి కాడ కుండ కొనే ఆడోళ్ళు కొట్టి చూసినట్టు. ఒకటి కొట్టి పక్కకు నూకేసిండు. ఇంకోటి కొట్టి, చెవు దగ్గర పెట్టి, మల్ల కొట్టిండు.

"ఇప్పటి రేకు పలుచన. కొడ్తే పగులుతది. పాత రేకు మందం, మెత్తన. చెప్పినట్టు ఇంటది" అని నర్మదకు చెప్పిండు.

మూతపడ్డ పత్తి మిల్లుల నుంచి వచ్చిన పెద్ద నల్లరేకు తొట్టి ఒకటి దొరికింది. పత్తి జారి జారి లోపల అద్దం లెక్క నున్నగైంది. తలుపులకు పాత బీరువా రేకులు తీసుకున్నరు. ముక్కు కోసం లారీ బానెట్టు. ముందటి జాలీకి సాంచాల నుంచి పీకిన ఇనుప పట్టీలు. కింద నిలవెట్టెటందుకు ఒక జీపు చాసిస్, దాని ఇంజను. అంబదాస్ ఒక్కొక్కటి ట్రాలీల ఎక్కిస్తుంటే నర్మద గూడ చెయ్యేసింది.

"వైనీ, గీ తుక్కుల నుంచి కారు ఎల్తదంటవా?" అని అంబదాస్ వదిన వరుస కలిపి నర్మదను మెల్లగ అడిగిండు.

"ఈయన చేసినయి చూసిన. ఎల్తది" అన్నది నర్మద.

*

పని మొదలైంది. చింతమొద్దు ఒకటి తెచ్చి దాని నడుమ గిన్నె లెక్క గుంట తొలిపిచ్చిండు కొమురెల్లి. రేకును ఆ గుంట మీద పెట్టి కర్రసుత్తెతోని కొడ్తే అది లోపలికి దిగి గుండ్రం తిరుగుతది. గోడ మీద బొగ్గుతోని బండి పక్కనుంచి ఎట్ల కనపడ్తదో ఆ బొమ్మ గీసిండు, అసలెంత ఉంటదో అంతే. బాలవ్వ అది చూసి, "ఎనుక గట్ల లేసి ఉన్నదేందిరా, కూసున్న బర్రె లెక్క" అన్నది.

సుత్తె కొట్టెటందుకు మెట్‌పల్లి నుంచి రాజం అనే ఆయనను పెట్టుకున్నడు. రాజం లారీ క్యాబిన్లు కడ్తడు. గట్టి మనిషి, మంచి వెల్డరు. ఆయన కొడ్తుంటే కొమురెల్లి పక్కన నిలబడి చెప్పిండు. తలుపులైనయి. ముందటి పలక అయింది. బానెట్టును నిలువుకు కోసి, సన్నం చేసి అతికిచ్చిండ్రు. ముక్కు వచ్చింది. జాలీ కూసున్నది. నర్మద అరుగు మీద కూసొని బీడీలు చుట్టుకుంటనే చూసింది. చూసిన కొద్ది ఆమె బీడీల లెక్క తప్పుతున్నది.

ఎనుక భాగం కాడ పని ఆగింది. ఆ గుమ్మడికాయ గుండ్రం ఒక్క దిక్కు తిరుగది. పైనుంచి కిందికి, పక్కనుంచి పక్కకు, నాలుగు దిక్కుల ఒక్కసారే తిరగాలె. రాజం కొట్టి కొట్టి యాష్టకొచ్చిండు.

"అన్నా, పల్లమున్నకాడ లప్పం పూసి నింపితే అయిపాయె. మీద రంగేస్తే ఎవనికి ఎర్క?" అన్నడు.

"లప్పం వద్దు రాజం. మా ఉస్తాద్ గ్యారేజీల లప్పం డబ్బానే ఉండది. రేకు రేకు లెక్కనే రావాలె."

రాజం కోపానికి పోలే. అట్లని నిలబడలే. లారీ పని మోపైందని రెండు దినాలకే సలాం చెప్పి పోయిండు.

తెల్లారి కొమురెల్లి ఒక్కడే షెడ్డుల తలుపు దగ్గరేసుకున్నడు. నర్మదకు సప్పుడు ఇనపడ్డది. మొదటి దెబ్బ మంచిగనే ఉన్నది, రెండోది గూడ. తర్వాత ఒకటి జారింది. జర ఆగి మల్ల. ఇగ సప్పుడుల వాటం పోయింది, ఒక కోపం వచ్చింది. ఆమె చాట పక్కకు పెట్టి పోయి తలుపు నూకేవరకు సుత్తె నేల మీద పడి ఉన్నది. రేకు మీద సొట్టలు, గీతలు. కొమురెల్లి మణికట్టు పట్టుకొని చింతమొద్దు మీద కూసున్నడు. చెయ్యి వాచింది.

"నా ఒళ్ళె పని ఉన్నది నర్మదా, చేతిల లేదు" అన్నడు. "ఏం చెయ్యాల్నో అంత తెలుస్తున్నది. చెయ్యి ఇంటలేదు."

ఇంట్లకు వచ్చి ఇన్ని నెలలల ఆయన మనసుల మాట చెప్పుడు అదే మొదలు. నర్మద వంగి సుత్తె ఎత్తింది. అనుకున్నంత బరువు లేదు. పిడి నున్నగ ఉన్నది.

"నీ ఎడమచెయ్యి మంచిగున్నది గద. లోపలికెల్లి ఇనుము పట్టుకునే పని దానితోని అయితదా?"

"అయితది. డాలీ పట్టుడు ఎడమచేతితోనే."

"అయితే నువ్వు అటు పట్టుకో. నేను ఇటు కొడ్త. ఎక్కడ కొట్టాల్నో చెప్పు."

కొమురెల్లి ఆమె మొఖం దిక్కు చూసిండు. పరాచికం కాదని అర్థమైంది. "చేతులు పాడైతయి. బీడీలు చుట్టరాదు మల్ల" అన్నడు.

"ఎన్నేండ్లు చుట్టిన! కొన్ని దినాలు చుట్టకపోతే ఏం మునుగది."

*

మొదటి వారం ఆమె కొట్టిందంత తుక్కు ముక్కల మీదనే. కొట్టుడు అంటే బలం అనుకున్నది నర్మద, కాదని తొందరగనే తెల్సింది. సుత్తెను గట్టిగ పట్టుకోవద్దు. పిట్టను పట్టుకున్నట్టు పట్టుకోవాలె, చచ్చిపోవద్దు, ఎగిరిపోవద్దు. దెబ్బ భుజంలకెల్లి కాదు, మణికట్టులకెల్లి రావాలె. కొట్టినంక సుత్తె తనంతట తనే పైకి లేస్తది, దాన్ని లేవనియ్యాలె.

"చెవులు పెట్టు" అనెటోడు కొమురెల్లి. ఆయన రేకుకు అవతల ఉంటడు, కనపడడు. గుప్పెట్ల పట్టే ఇనుపదిమ్మె, దాన్నే డాలీ అంటరు, రేకు ఎనుక ఆనిచ్చి పట్టుకుంటడు. దిమ్మె ఉన్నకాడ సుత్తె పడితే గుడిగంట లెక్క గట్టిగ ఖణ్ మంటది. తప్పితే డప్పు లెక్క బోలుగ మోగుతది. "ఇప్పుడు ఎక్కడున్న?" అని అడుగుతడు. ఆమె కొట్టి చూస్తది. బోలు. జర పక్కకు కొడ్తది. ఖణ్. "ఇక్కడున్నవ్."

అట్ల రేకుకు అటొకరు, ఇటొకరు.

ఒకరికొకరు కనపడకుంట ఉండుడుల ఏదో సులువు ఉన్నది. ఫోన్ల మాట్లాడినట్టే, గని ఫోన్ల లేని ముచ్చట్లు వచ్చినయి. షార్జాల ఎండకు రేకు కాలి చేతులు బొబ్బలెక్కితే తడిగుడ్డలు చుట్టుకొని కొట్టిన దినాలు చెప్పిండు. యాకూబ్ ఉస్తాద్ ముచ్చట చెప్పిండు. పెషావర్ ఆయన, గడ్డం తెల్లగైంది, ఒక్క తప్పు దెబ్బ ఇనపడితే గ్యారేజీ ఆ మూల నుంచి వచ్చి సుత్తె గుంజుకుంటడు. రంజాన్‌ల పొద్దువడంగనే తన పళ్ళెంల నుంచి ఖర్జూరం తీసి మొదలు కొమురెల్లికే పెడ్తడు. "గివన్ని ఫోన్ల ఎందుకు చెప్పలే?" అని నర్మద అడిగింది. "చెప్తే, నువ్వు ఇంట్ల, నేను గా సంబురంల ఉన్నట్టు అయితది అనిపిచ్చింది" అన్నడు. ఆమె అదే జాగల ఇంకో దెబ్బ కొట్టింది, మెల్లగ.

ఇన్నేండ్ల బీడీల పని ఉత్తగ పోలే. తునికాకును వేళ్ళ నడుమ పెట్టంగనే ఏ పక్క మందం, ఏ పక్క పలుచన నర్మదకు చూడకుంటనే తెలుస్తది. కొమురెల్లి ఒకనాడు ఆమె అరచేతిని రేకు మీద పెట్టి, "కండ్లు మూసుకొని జరుపు" అన్నడు. ఆమె జరిపింది. ఒకకాడ ఆగింది. "ఇక్కడ లోపలికి ఉన్నది." కొమురెల్లి తన చెయ్యి పెట్టి చూసిండు, ఏమి తెల్వలే. పొడుగు స్కేలు ఆనిచ్చి వెలుతురుకు పెట్టి చూసిండు. సన్నని సందు, అగ్గిపుల్ల గూడ దూరనంత.

"మా ఉస్తాద్‌కు తెలుస్తుండె గిట్ల" అన్నడు. ఆ మాట నర్మదకు మాపటి దాంక చెవుల ఉన్నది.

ఊర్ల మాటలు గూడ మొదలైనయి. కాలువ కాడ బట్టలుతికే ఆడోళ్ళు "నర్మద కమ్మరి పనికి దిగిందట" అని నవ్వుకున్నరు. బాలవ్వ చెవుల పడ్డది. ఆమె పనిగట్టుకొని కట్టె పట్టుకొని కాలువ దాంక పోయి, "అవ్, దిగింది. మీ గంగాళాలకు సొట్టలుంటే తెండ్రి" అని చెప్పొచ్చింది. నిజంగనే కమలవ్వ అనే ఆమె మాపటికి ఒక ఇత్తడి బిందె తెచ్చింది. నర్మద సొట్ట తీసిచ్చింది. ఇగ నవ్వుడు బందైంది, బిందెలు వచ్చుడు మోపైంది.

*

ఎనుక భాగం రేకును పత్తిమిల్లు తొట్టిల నుంచి కోసిండ్రు. కొమురెల్లి సుద్దతోని గీతలు గీసిచ్చిండు. దినాం పొద్దుగాల మేకలకు ఆకేసి, వంట చేసి, నర్మద షెడ్డులకు వస్తది. చింతమొద్దు మీద రేకు మెల్లమెల్లగ తిరిగింది. గోడ మీది బొగ్గు బొమ్మకు ఆనిచ్చి చూస్తే గీతకు గీత కలిసింది. నర్మదకు లోపల్నే సంబురమైంది, ఆ సంబురంల ఇంకొంచెం నున్నగ చేద్దామని నడుమల కొట్టింది. ఇంకొంచెం. మాపు కొమురెల్లి బొటనవేలుతోని అక్కడ ఒత్తితే రేకు టక్కున లోపలికి పోయింది. వేలు తీస్తే టక్కున బయటికొచ్చింది. డబ్బా మూత లెక్క.

"ఏమైంది?"

"రేకు సాగింది. ఎక్కువ దెబ్బలు పడ్డయి." కొమురెల్లి గొంతుల కోపం లేదు, అలసట ఉన్నది. రేకు చుట్టు ఒకసారి తిరిగొచ్చిండు. ఎంత పని అయిందో చూస్తుండు, ఎంత పని పాడైతదో చూస్తుండు. "పోనీ నర్మదా, గింత జాగకు లప్పం పెడ్దాం. రాజం చెప్పింది తప్పేం కాదు. మనల్ని ఎవలు అడిగేటోళ్ళున్నరు."

నర్మద సుత్తె పక్కకు పెట్టింది. "నువ్వు షార్జాల చేసినవాటికి పెట్టినవా?"

"లే."

"మరి నేను చేసినదానికి ఎందుకు పెడ్తవ్? ఆడిది కొట్టింది గదా, గీ మాత్రం చాలనా?"

కొమురెల్లి వంగి ఆ జాగను మల్ల ఒత్తి చూసిండు. "ఒక ఉపాయం ఉన్నది" అన్నడు. "సాగిన రేకును మల్ల దగ్గరికి తేవచ్చు. గ్యాస్ మంట పెట్టి రూపాయి బిళ్ళంత జాగ ఎర్రగ చెయ్యాలె. ఎర్రగైందంటే సుత్తెతోని నాలుగు దిక్కుల నుంచి నడుమకు కొట్టాలె, వెంటనే తడిగుడ్డ అద్దాలె. చల్లారేటప్పుడు రేకు ముడుసుకుంటది. గని అంత ఒక్క ఊపిరిల కావాలె. ఆలస్యమైతే పోతది, మంట ఎక్కువైతే బొక్క పడ్తది. అప్పుడు మొత్తం తొట్టే పాయె."

"నువ్వు చేసినవా?"

"ఉస్తాద్ చేస్తుంటే చూసిన. నేను చేసిన కొన్నిమార్లు. రెండు చేతులకు సరిపోని పని."

"మనయి మూడు మంచియి, ఒకటి సగం" అన్నది నర్మద. కొమురెల్లికి నవ్వొచ్చింది.

తెల్లారి పొద్దుగాల, గాలి లేనప్పుడు మొదలుపెట్టిండ్రు. ఆయన ఎడమచేతిల మంట, వంకర కుడిచేతిల తడిగుడ్డ. గుడ్డ పట్టుకునుడు ఆ చేతికి అయితది. ఆమె చేతిల సుత్తె. లోపలికెల్లి దిమ్మె పట్టెటందుకు ఇంకొకరు కావాల్నాయె. బాలవ్వ, "ఏందిరా, గీ ఇనుము పట్టుకునుడే గద" అని రేకు ఎనుకకు పోయి కూసున్నది.

"అవ్వా, కదులొద్దు."

"నేనెక్కడికి పోతరా."

నల్లరేకు మీద మంట ఆనింది. మొదలు నీలం, తర్వాత గోధుమరంగు, తర్వాత దానిమ్మ గింజ లెక్క ఎర్రగ ఒక చుక్క. "ఊఁ" అన్నడు కొమురెల్లి. నర్మద కొట్టింది. చుట్టు, చుట్టు, నడుమకు. తడిగుడ్డ పడ్డది, చుయ్యిమని పొగ లేసింది. కొమురెల్లి బొటనవేలుతోని ఒత్తిండు. టక్కుమన్నది, గని ఇంతకుముందంత కాదు. జర పక్కకు ఇంకో చుక్క పెట్టిండ్రు. మల్ల ఇంకోటి. ఎండ షెడ్డులకు వచ్చి వాళ్ళ కాళ్ళ దాంక పాకేవరకు ఆయన ఒత్తితే రేకు కదులలే. రెండు బొటనవేళ్ళు పెట్టి బరువంత వేసిండు. కదులలే.

"నిలబడ్డది" అన్నడు. నర్మద గోడకు ఆనుకొని కింద కూసున్నది. మొఖమంత మసి. బాలవ్వ రేకు ఎనుకకెల్లి, "అయిందా? నా నడుము పట్టుకున్నది, ఎవలన్న లేపుండ్రి" అన్నది.

*

ఒళ్ళు మొత్తం చాసిస్ మీద కూసున్ననాడు కొమురెల్లి యాకూబ్ ఉస్తాద్‌కు వీడియో ఫోను చేసిండు. నర్మద షెడ్డు మూలకు నిలబడి కొంగుతోని మొఖం తుడుసుకున్నది. ఫోన్ల తెల్లగడ్డం కనపడ్డది. సలాములైనయి, చెయ్యి ఎట్లున్నదని అడిగిండు. తర్వాత, "చూపియ్యి" అన్నడు ఉర్దూల.

కొమురెల్లి ముందటికెల్లి మొదలువెట్టి మెల్లగ తిరిగిండు. జాలీ, ముక్కు, తలుపులు. ఉస్తాద్ "ఊఁ, ఊఁ" అంటుండు. ఎనుక దిక్కు రాంగనే, "ఆగు" అన్నడు. "ట్యూబులైటు ఉన్నదా? దాన్ని రేకు పక్కన పట్టుకో."

నర్మదనే లైటు పట్టుకున్నది. నున్నటి రేకు మీద తెల్లటి గీత పడ్డది. రేకుల ఎక్కడ వంక ఉన్నా ఆ గీత పాము లెక్క వంకరపోతది. లైటును పైనుంచి కిందికి జరుపమన్నడు. గీత నదిల పడవ లెక్క ఎక్కడ తడబడకుంట గుండ్రం మీద జారింది. ఉస్తాద్ మొఖం ఫోనుకు దగ్గరికొచ్చింది.

"ఎవరు కొట్టిండ్రు? నీ దెబ్బ కాదిది. నీ దెబ్బ నాకు ఎర్క."

"నా ఇంటామె, ఉస్తాద్. నర్మద."

"ఆమెను పిలువు."

నర్మద ఫోను ముందటికి వచ్చింది. ఉర్దూ ఆమెకు కొంచెం అర్థమైతది, మాట్లాడరాదు. ఉస్తాద్ చెయ్యి చూపియ్యమని సైగ చేసిండు. ఆమె సిగ్గుపడి అరచెయ్యి ముందట పెట్టింది. వేళ్ళ మొదట్ల కాయలు, బొటనవేలు పక్కన మానిన బొబ్బ. ఉస్తాద్ ఆ చేతిని చూసిండు. చూసి తన అరచెయ్యి ఎత్తి ఫోనుకు దగ్గరగ పెట్టిండు. అవే జాగలల, అవే కాయలు. ఎన్నేండ్లవో, గట్టిపడి పసుపుపచ్చగైనయి.

ఫోను పెట్టేసినంక కొమురెల్లి చానసేపు ఇంజను కాడ ఏదో సదురుకుంట ఉన్నడు. కండ్లు తుడుసుకునుడు ఆమె చూసింది గని చూడనట్టే ఉన్నది.

బండికి రంగు వెయ్యలే. నర్మదనే వద్దన్నది. రేకుల నీలం మరకలు, అతుకుల గీతలు, బీరువా తలుపు తాళం ఉన్న జాగ, లారీ బానెట్టు మీద సగం చెరిగిన పువ్వు, అన్ని కనపడుతుండంగనే మీద నీళ్ళసోంటి వార్నిష్ కొట్టిచ్చిండ్రు. పెద్ద రోడ్డు మీదికి ఎక్కియ్యరాదు, కాయితాలు లేవు. కాలువ గట్టు మీది మట్టితొవ్వ చాలన్నడు కొమురెల్లి.

ఆదివారం పొద్దున ప్రవళిక కరీంనగర్ నుంచి వచ్చింది, అంబదాస్ భైంసా నుంచి వచ్చిండు. రాజం గూడ వచ్చి, ఎనుక రేకు మీద చెయ్యి జరిపి జరిపి చూసి, "లప్పం లేదా? అసలుకే లేదా?" అని రెండుసార్లు అడిగిండు. బాలవ్వ అందరికన్న ముందుగాల ఎక్కి కూసున్నది. "కప్పేది? వానొస్తే?" అన్నది. "తడుస్తం" అన్నడు కొమురెల్లి. ఆయన స్టీరింగు కాడ, నడుమ తల్లి, ఇటు నర్మద. ఇంజను అంటుకున్నంక కాలువ గట్టు మీది కొంగలన్ని లేసినయి. పొడుగు ముక్కు ముందట పెట్టుకొని బండి మక్కచేన్ల పక్కనుంచి పోతుంటే చేన్లల కలుపు తీసేటోళ్ళు నడుములెత్తి చూసిండ్రు. అరిచెటోళ్ళు లేరు. చూసుడే.

తూము దాటినంక ఇంజను ఆగింది. పాత జీపుది, ఎంతకు అంటుకోలే. ఎనుక వస్తున్న జనం ఉరికొచ్చి బండి ఎనుక భాగానికి చేతులు ఆనిచ్చిండ్రు. నర్మద "పైలం, సొట్ట పడ్తది" అనబోయింది. కొమురెల్లి తిరిగి చూసి, "నూకుండ్రి, ఏం గాదు. గట్టి చెయ్యి కొట్టింది" అన్నడు. నర్మద దిగి, వాళ్ళ నడుమకు పోయి తను గూడ చెయ్యేసింది. అందరు కలిసి నూకిండ్రు. రేకు ఎక్కడ కుంగలే. బండి నాలుగడుగులు పోయి, దగ్గి, అంటుకున్నది. మట్టి లేపుకుంట ముందటికి ఉరికింది. నర్మద ఉరుకలేక అక్కడనే నిలబడి చూసింది. ఎన్నడు ఎనుకకెల్లి పోతుండంగ చూడలే దాన్ని. మంచిగున్నది. తనే చేసిందన్న సోయి తప్పి, పరాయోళ్ళ బండిని చూసినట్టు చూసింది, చానా మంచిగున్నది.

తర్వాత ఆ బండిని అడుగొచ్చినోళ్ళు ఉన్నరు, ఇయ్యలే. గని పని వచ్చింది. కరీంనగర్ నుంచి రామచంద్రం అనే ఆయన తన తాతల నాటి కారును ట్రాలీల వేసుకొని వచ్చిండు. కింద తుప్పు తిని, తలుపులు ఊడిపోయి ఉన్నది. "కొమురెల్లి గారు మీరేనా? ఎప్పటికి అయితది?" అని అడిగిండు.

"నన్నొక్కన్నే అడుగకుండ్రి" అన్నడు కొమురెల్లి. "లోపలి దిక్కు నాది, బయటి దిక్కు ఆమెది."

నర్మద అప్పటికే కారు పక్కకు వంగి, తుప్పు మీద బొటికెలతోని కొట్టుకుంట, ఇనుకుంట పోతున్నది. రామచంద్రం ఆమె ఎనుక నడిచిండు. ఎనుకచక్రం కాడ ఆమె ఆగి లేసి నిలబడి, "ఇక్కడి దాంక కొయ్యాలె. మిగిలింది బతుకుతది" అని చెప్పింది.